గాలం వేయాలంటే ఎవరిని అడగాలి?

ఆగస్టు, సెప్టెంబరు వానలకు చెరువులు నిండి మత్తళ్లు దుంకడం మొదలుకాగానే పెగడపల్లి చుట్టుపక్కల ఊళ్లల్లో, ఇటు జగిత్యాల, కోరుట్ల దాకా, అటు సిరిసిల్ల మానేరు ఒడ్డు దాకా ఒక ప్రశ్న వినిపిస్తుంది: ఇక్కడ గాలం వేయొచ్చా? అడిగేవాళ్లలో వెదురు కర్రకు తంగూసు కట్టుకుని వచ్చే బడి పిల్లలుంటారు. సెలవుకు వచ్చిన దుబాయి మనిషి ఉంటాడు, ఆదివారం కారులో రాడ్డూ రీలూ వేసుకుని దిగే హైదరాబాదు ఉద్యోగి ఉంటాడు. జవాబులు మాత్రం ఎప్పుడూ ఆ మూడే. "అడిగేటోడెవడు, వేసుకో." "సంఘపోళ్లు జూస్తే గాలం ఇరగ్గొడ్తరు." "దానికేదో లైసెన్సు ఉంటదట, మీసేవల అడుగు."

మూడో జవాబు చెప్పేవాడు చదువుకున్నవాడే అయి ఉంటాడు గానీ, సంగతికి అందరికన్నా దూరంగా ఉన్నదీ అతనే. ఊరి చెరువులో ఒక పూట సరదాగా గాలం వేసుకోవడానికంటూ మన దగ్గర సర్కారు అమ్మే టిక్కెట్టు లేదు. అమెరికాలోనో కాశ్మీరులోనో చూసినవాళ్లు అలాంటిది ఇక్కడా ఉండే ఉంటుందనుకుని వెతుకుతారు, దొరకక "అయితే నిషేధం లేనట్టే" అన్న నిర్ణయానికి వస్తారు. ఆ నిర్ణయం తప్పు. ఇక్కడ చేపల మీద హక్కు ఖాళీగా లేదు, ముందే ఒకరి చేతిలో పడి ఉంది. పర్మిట్ ఎక్కడ దొరుకుతుందని అడిగే ముందు ఈ నీళ్లలో చేప ఎవరిదని అడగాలి.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో చేపల పెంపకం, వేట రాష్ట్రాల జాబితాలో 21వ అంశం. తీరానికి 12 నాటికల్ మైళ్ల అవతలి వేట మాత్రం కేంద్రానిది. కాబట్టి చెరువు, వాగు, జలాశయం అన్నీ రాష్ట్ర మత్స్యశాఖ కిందికి వస్తాయి. శాఖ ఆ హక్కును తన దగ్గర ఉంచుకోదు. మత్స్య పారిశ్రామిక సహకార సంఘాలకు లీజుకు ఇస్తుంది. చిన్న కుంటలు పంచాయతీ పద్దులో, పెద్ద చెరువులు శాఖ పద్దులో ఉండడం పాత లెక్క. ఏ నీళ్లు ఎవరి పద్దులో ఉన్నాయో పంచాయతీ కార్యదర్శికి తెలుస్తుంది, లేదా జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో తెలుస్తుంది. లీజు ఎవరి పేరున ఉంటే, ఆ ఏడాదికి ఆ చేప వాళ్లది.

ఇది ఊరి మాటే కాదు, సుప్రీంకోర్టు మాట కూడా. ఒరిస్సాలోని చిలికా సరస్సు మీద నడిచిన ఆనంద బెహరా కేసులో 1955లో కోర్టు ఇదే తేల్చింది. సరస్సులో చేపలు పట్టుకోవడానికి జమీందారు దగ్గర సొమ్ము కట్టి హక్కు కొనుక్కున్నామని పిటిషనర్లు వాదించారు. ఒకరి నీళ్లలోకి దిగి చేపను పట్టి పట్టుకుపోయే హక్కు స్థిరాస్తిలో భాగమని, నోటిమాటతోనో చీటీ రాసుకునో చేతులు మారేది కాదని ధర్మాసనం అంది. గట్టు మీద కూర్చుని "నేను పట్టేది రెండు చేపలే కదా" అనుకునేవాడు నిజానికి ఒక ఆస్తి అంచున కూర్చున్నాడన్నమాట. పారే నదిలో స్వేచ్ఛగా తిరిగే చేప పట్టేదాకా ఎవరి సొత్తూ కాదు. నాలుగు వైపులా కట్టి, పిల్లలు వదిలి పెంచిన చెరువులో చేప అలా కాదు, దాన్ని అడగకుండా తీస్తే దొంగతనం కింద కేసు పెట్టే వీలుంది. గాలం వేసిన పిల్లవాడి మీద ఎవరూ కేసు పెట్టరు, నిజమే. అలా వదిలేయడం సంఘం చూపే మర్యాద, పిల్లవాడికి ఉన్న హక్కు కాదు.

2016 తర్వాత ఈ లెక్క మరింత బిగుసుకుంది. మిషన్ కాకతీయ కింద 2015 నుంచి చెరువుల పూడిక తీశారు. 2016లో ప్రభుత్వం వంద శాతం రాయితీ మీద చేపపిల్లలను వదలడం మొదలుపెట్టింది. వానాకాలం నీళ్లే ఆధారమైన చెరువుల్లో 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్లుండే జలాశయాల్లో 80-100 మిల్లీమీటర్లవి. బొచ్చె, రవ్వు, మ్రిగాల, బంగారుతీగ. పిల్లలు సర్కారువైనా కాపలా, వల, తెప్ప, ఎండాకాలం చెరువు పట్టే రోజు కష్టం సంఘానివే. ఒకప్పుడు తనంతట తాను పెరిగిన చేప ఇప్పుడు లెక్కలో ఉన్న చేప అయింది. లెక్కలో ఉన్నదాన్ని బయటివాడు ముట్టుకుంటే చూసీ చూడనట్టు పోవడం కష్టం.

దీనికి తోడు ఎవరి సంఘం అన్న తగువు ఉంది. గంగపుత్రులు, ముదిరాజులు ఇద్దరూ చెరువును తమ వృత్తి అంటారు. సభ్యత్వం కోసం ఈత, వల విసరడం వంటి నైపుణ్య పరీక్షలు పెడితే వాటి చుట్టూ కూడా పంచాయితీలు నడిచాయి. లోపలివాళ్ల వాటాయే తెగని చోట కారులో వచ్చిన మనిషికి ఎవరు సై అంటారు? అధ్యక్షుడు "పట్టుకో సార్" అన్నా, మరో సభ్యుడు గంటలో వచ్చి "ఎవరినడిగి ఏసినవ్?" అని నిలదీయవచ్చు. హక్కు సంఘానిది, ఏ ఒక్క సభ్యుడిదీ కాదు. గాలం మనుషులు ఈ తేడాను సరిగ్గా పట్టించుకోరు.

అసలు గొడవ ఏ చేప దగ్గర వస్తుందో చూస్తే విషయం తేలిక పడుతుంది. ఎర్రలు గుచ్చిన చిన్న గాలానికి పరకలు, జెల్లలు, చందమామలు పడితే ఏ సంఘమూ పట్టించుకోదు. వాటి మీద వాళ్లకు ఆశ లేదు, పైగా పిల్లలతో కయ్యమెందుకు? తగువంతా కొర్రమీను దగ్గర. మన రాష్ట్ర చేప అది, మార్కెట్లో బొచ్చె కన్నా ఎన్నో రెట్లు పలుకుతుంది, మృగశిర కార్తె నాడు దాని ధర చెప్పనలవి కాదు. నీళ్లలోనే కాక తడి గుడ్డలో కూడా గంటల తరబడి బతుకుతుంది గనుక ప్రాణంతో అమ్ముడుపోతుంది. రాడ్డు పట్టుకుని వచ్చేవాళ్లకూ కావలసింది అదే, ఎందుకంటే నీటి పైన కదిలే ఎరను చూస్తే మీద పడుతుంది, గాలానికి అంత రుచి మరే చేపా చూపించదు. ఒకే చేప మీద ఇద్దరి కన్నూ ఉంది. ఒకరికది బియ్యం ఖర్చు, ఇంకొకరికి ఆదివారం. ఈ రెంటినీ సమానంగా తూచే న్యాయం నాకు తెలియదు.

జలాశయాల కథ వేరు. శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి, మిడ్ మానేరు, లోయర్ మానేరు వంటి పెద్ద నీళ్లను ఒక సంఘానికి కట్టబెట్టరు. మత్స్యశాఖ మత్స్యకారుల పేరున లైసెన్సులు ఇస్తుంది, అవి వల వేసి బతికేవాళ్ల కోసం. ఒడ్డున కూర్చుని గాలం వేసేవాడు ఏ గడిలోనూ ఇమడడు. ఆచరణలో అతన్ని ఎవరూ ఆపరు, కానీ ఆపాలనుకుంటే చూపించడానికి అతని దగ్గర కాగితమూ ఉండదు. బోయినపల్లి మండలం మాన్వాడ దగ్గర కట్టిన మిడ్ మానేరు విషయంలో ఇంకో మెలిక కూడా ఉంది. ఆ నీటి కింద ఊళ్లు పోయాయి. ఇళ్లూ పొలాలూ వదులుకున్న కుటుంబాలు ఆ నీళ్లలో చేప మీద తమకే మొదటి హక్కు అనుకోవడంలో తప్పేమీ లేదు. అక్కడికి విలాసంగా వెళ్లి "ఇది సర్కారు ప్రాజెక్టు, అందరిదీ" అని వాదించడం చట్టపరంగా సగం సరైనదే కావచ్చు, మనిషితనం లెక్కలో కాదు.

కోటిలింగాల దగ్గర ఎల్లంపల్లి వెనుక నీళ్లు విశాలంగా నిలుస్తాయి, అక్కడి నుంచి దిగువకు పోతే మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాల మధ్య గోదావరి పాయలో శివ్వారం అభయారణ్యం వస్తుంది. మొసళ్ల కోసం కేటాయించిన చోటు. అక్కడ మత్స్యశాఖ మాట చెల్లదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీశాఖ మాటే చెల్లుతుంది. అభయారణ్యంలో గాలం వేయడం కూడా వేటే. గోదావరిలో మెత్తటి డిప్ప తాబేలు గాలానికి తగులుకోవడం కొత్త కాదు, అది కూడా ఆ చట్టం రక్షణలో ఉన్న జీవి, కొక్కెం జాగ్రత్తగా తీసి వదిలేయాలి. కూరకు తీసుకుపోతే చిన్న జరిమానాతో పోయే కేసు కాదు.

కాలువల గురించి ఒక్క మాట. కాకతీయ కాలువ, శ్రీరాంసాగర్ నుంచి మిడ్ మానేరు దాకా 122 కిలోమీటర్లు పోయే వరద కాలువ జగిత్యాల జిల్లా ఊళ్లను ఆనుకునే పోతాయి, నీళ్లున్న నెలల్లో వాటి గట్ల మీద గాలాలు కనిపిస్తాయి. అక్కడ అనుమతి కన్నా ప్రాణం పెద్ద ప్రశ్న. గోడలు నున్నగా, ఏటవాలుగా ఉంటాయి, జారినవాడికి పట్టు దొరకదు. ఈత వచ్చినవాళ్లూ పోయిన చోట్లవి.

ఇక ఎప్పుడు పట్టకూడదు? వానలు పడి కొత్త నీరు చేరగానే చేపలు గుడ్లకు వస్తాయి, ఎదురెక్కుతాయి. జలాశయాల్లో ఆ వానాకాలపు రోజుల్లో వేట ఆపుతారు. సముద్రంలో అయితే తూర్పు తీరానికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు యంత్రపు పడవలు కదలవు. ఊరి చెరువులో ఇదేమీ రాసి ఉండదు. పైగా మన వాళ్లకు చేపల సరదా అంతా మత్తడి దగ్గరే. కట్ట మీద నుంచి దుంకే నీళ్లకు ఎదురెక్కుతూ ఎగిరే చేపను సంచితోనో చీరతోనో పట్టుకోవడంలో ఉండే సంబరాన్ని కాదనడానికి నాకు మనసు రాదు, కానీ ఆ ఎగిరే చేప కడుపు నిండా గుడ్లుంటాయి. గాలం గురించి ఇంత ఆలోచించే మనం మత్తడి కింద అడ్డంగా కట్టే జాలివల గురించి అసలు మాట్లాడకపోవడం విచిత్రం. ఒక రాత్రి ఆ వల చేసే నష్టం ఎన్ని గాలాలు ఎన్నేళ్లు వేసినా రాదు.

పట్టే పద్ధతుల్లో ఎవరికీ అనుమానం ఉండనక్కర్లేనివి ఉన్నాయి. 1897 నాటి భారత మత్స్య చట్టం బాంబు పేల్చి, విషమో సున్నమో కలిపి చేపలు చంపడాన్ని నేరం చేసింది. మూలచట్టంలో శిక్ష రెండు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా. ఆ కాలానికి అది పెద్ద సొమ్మే. మన దగ్గర రాళ్ల క్వారీల నుంచి పక్కదారి పట్టే తోటా ఒకటి, మోటారు స్తంభం నుంచి కొక్కెం వేసి నీళ్లలోకి దింపే కరెంటు తీగ ఇంకొకటి. కరెంటుతో చేపలు పట్టబోయి అదే నీళ్లలో ప్రాణం విడిచినవాళ్ల వార్తలు ఏటా చదువుతూనే ఉంటాం. పద్ధతులే కాదు, నిషేధంలో ఉన్న చేపా ఒకటుంది: ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. గాలానికి అది పడితే మాత్రం తిరిగి వదలకపోవడమే మంచిది, ఆ చేప మిగతా చేపలను బతకనివ్వదు.

మరి టిక్కెట్టు అమ్మే చోట్లు ఎలా నడుస్తున్నాయి? మన దేశంలో వినోద వేటకు చట్టం తెచ్చిన తొలి ప్రాంతాల్లో నీలగిరి ఒకటి. 1877లో అక్కడ వేటగాళ్ల సంఘం ఏర్పడింది, 1879లో మద్రాసు ప్రభుత్వం నీలగిరి వేట జంతువుల, చేపల రక్షణ చట్టం చేసింది. అదే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సలివాన్ థామస్ 1873లో భారతదేశంలో గాలం వేట మీద పుస్తకం రాశాడు, నదుల్లో చేప తరిగిపోతోందని పైవాళ్లకు మొరపెట్టుకున్నాడు. దొరల సరదా కోసం పుట్టిన కట్టుబాట్లే అవి, అందులో దాపరికం లేదు. కాశ్మీరులో 1900 ప్రాంతంలో బ్రిటన్ నుంచి తెచ్చిన ట్రౌట్ గుడ్లతో మొదలైన వ్యవహారం నేటికీ సాగుతోంది. వాగును ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు రోజుకు ఇంతమందికే అనుమతి ఇస్తారు. హిమాచల్‌లో నవంబరు మొదలు ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ నీళ్లు మూసేస్తారు. అక్కడ ఆ చేపను శాఖే తెచ్చి పెంచింది, అక్కడి వాగుకు మన చెరువుకున్నట్టు సంఘం లీజు అడ్డు లేదు. అందుకే ఆ నమూనాను ఎత్తుకొచ్చి పెగడపల్లి చెరువు మీద పెట్టలేం.

మనకు దగ్గరగా వచ్చే కథ కావేరిది. భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమకలి దగ్గర కర్ణాటక ప్రభుత్వ సంస్థే గాలం శిబిరాలు నడిపింది. మహసీర్ అనే పెద్ద చేపను పట్టాలి, తూచుకోవాలి, వదిలేయాలి. 1946లో మైసూరు ప్రాంతంలో 120 పౌండ్ల మహసీర్ పడిన రికార్డు ఆ నదీ వ్యవస్థదే. శిబిరాల్లో దారి చూపేవాళ్లలో ఒకప్పుడు దొంగతనంగా వేటాడినవాళ్లే ఉండేవారు, చేప బతికి ఉంటేనే తమకు జీతం వస్తుందని వాళ్లకు తెలిసింది. అభయారణ్యంలో గాలం కూడా వేటే అన్న వ్యాఖ్యానంతో 2010 దశకం మొదట్లో ఆ శిబిరాల్లో గాలం ఆగిపోయింది. తర్వాత బాంబు వేట పెరిగిందని గాలం పక్షం వాళ్లు అంటారు. కొక్కెం గుచ్చి వదిలేయడం కూడా హింసే అని అవతలి పక్షం అంటుంది. కావేరిలోని ఆ మూపురం మహసీర్‌ను 2018లో అంతరించిపోయే ప్రమాదం అంచున ఉన్న జాతిగా ప్రకటించారు. నాకు తోచేది: నీటి ఒడ్డున ఉండే మనిషికి బతికున్న చేప నుంచి ఆదాయం వచ్చిన రోజుల్లో ఆ నదికి కాపలా ఉంది. ఆ ఒక్క సంగతి మన సంఘాలకు పనికొస్తుంది.

ఈ ప్రాంతం నుంచి గల్ఫ్ పోయినవాళ్లు చాలామంది లైసెన్సు అనేదాన్ని మొదట అక్కడే చూస్తారు. శుక్రవారం సెలవు, చేతిలో దారపు చుట్ట, రేవు గోడ మీద నలుగురు కూర్చుని గాలం. అబుదాబిలో దానికి వినోద వేట లైసెన్సు కావాలి. వారానికి 30 దిర్హాములు, ఏడాదికి 120. ఆ లైసెన్సు మీద పట్టిన చేపను అమ్మకూడదు. సాఫీ, శేరి అనే చేపలకు మార్చి, ఏప్రిల్ నెలల్లో దేశమంతటా వేట నిషేధం. కూలి పని మీద ఉన్న మనిషికి జరిమానా నెల జీతాన్ని మింగుతుంది గనుక అక్కడ "అడిగేటోడెవడు" అన్న మాట నోట రాదు. అదే మనిషి సెలవుకు ఇంటికి వచ్చి మన చెరువు దగ్గర ఆ మాటే అంటాడు.

అమెరికా సంగతి రాష్ట్రానికో రకం. టెక్సస్‌లో 17 ఏళ్లు నిండిన ప్రతివాళ్లకూ లైసెన్సు కావాలి, అక్కడి నివాసులకు మంచినీటి వేటకు 30 డాలర్లు. 1931కి ముందు పుట్టినవాళ్లకు అక్కర్లేదు. స్టేట్ పార్కు ఒడ్డున కూర్చుని వేస్తే అక్కర్లేదు. జూన్ మొదటి శనివారం ఎవరికీ అక్కర్లేదు. డల్లాస్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిన కోరుట్ల పెద్దాయన అలాంటి పార్కు ఒడ్డున నిశ్చింతగా కూర్చోవచ్చు. పడవ అద్దెకు తీసుకుని సముద్రంలోకి పోయేవాళ్లు తెలుసుకోవలసింది ఇంకొకటి. ఫ్లోరిడాలో పడవ యజమాని లైసెన్సే ఎక్కినవాళ్లందరికీ సరిపోతుంది. టెక్సస్, కాలిఫోర్నియాలలో సరిపోదు, ఎవరిది వాళ్లు తీసుకోవాలి. ఆ సొమ్మంతా ఎటు పోతుందంటే, 1950 నాటి ఒక ఫెడరల్ చట్టం ప్రకారం గాలాల మీద పన్ను కూడా చేపల పెంపకానికే తిరిగి వస్తుంది.

మన వైపు అద్దె పడవల వేట అంటే అండమాన్ మాట్లాడాలి. ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు తరాలుగా ఉన్నారు, అక్కడి నుంచి పెద్ద చేపల కోసం పడవలు పోతాయి. వండూర్ దగ్గరి మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనంలో మాత్రం గాలం వేయకూడదు. ఆంధ్ర తీరంలో తెలిసిన మత్స్యకారుడిని అడిగి బోటులో పోవడం ఉంది. చేపల వేటకు రిజిస్టరైన బోటు మనుషులను మోసే బోటు కాదు, ఏదైనా జరిగితే బీమా మాట ఎత్తడానికి ఉండదు. గోదావరి మీద 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగింది పర్యాటకుల బోటే, సుమారు 50 మంది పోయారు. మిడ్ మానేరులో థర్మోకోల్ తెప్ప మీద వల వేసే మనిషి "వస్తవా, నడుమ దాకా తీస్కపోత" అన్నప్పుడు ఆ తెప్ప ఒకరి బరువుకే కట్టిందని గుర్తుంచుకుని ఒడ్డున ఉండిపోవాలి.

ఇంతకూ మన చెరువులకు ఏం చేయొచ్చు? హైదరాబాదు చుట్టూ డబ్బు కట్టి గంటల లెక్కన గాలం వేసుకునే ప్రైవేటు చెరువులు వచ్చాయి. ఆ డబ్బు ఊరి సంఘానికి ఎందుకు రాకూడదు? సర్కారు లైసెన్సు పెడితే సొమ్ము ఖజానాకు పోతుంది, కాపలా మాత్రం సంఘమే కాయాలి. దానికన్నా సంఘం సర్వసభ్య సమావేశంలో తీర్మానం రాసుకుని రోజు టిక్కెట్టు తానే అమ్మడం మేలు. ఏ గట్టున కూర్చోవాలో, మనిషికి ఎన్ని గాలాలో, చేప తీసుకుపోతే కిలోకు ఎంతో ఒక కాగితం మీద ఉండాలి. బడి పిల్లల చిన్న గాలానికి టిక్కెట్టు వద్దు. మత్స్యశాఖ చేయవలసింది లీజు షరతుల్లో దానికి చోటు ఇవ్వడమే. టిక్కెట్టు పేరుతో నలుగురు పెద్దమనుషులు డబ్బు మిగుల్చుకునే ప్రమాదం ఉంది, రసీదు పుస్తకం గ్రామసభలో పెట్టకపోతే ఆ పని మొదట్లోనే చెడిపోతుంది.

కాగితం మీద కొర్రమీనుకు విడిగా ఒక షరతు రాయాలి. ఈ చేప గుడ్లు పెట్టి వదిలేసి పోదు. ఆడా మగా కలిసి పిల్లల గుంపు కింద కాపలా తిరుగుతాయి. నీటి మీద ఎర్రగా ఉడుకుతున్నట్టు కదిలే ఆ గుంపును చూడగానే గాలం మనిషి కప్పనో రబ్బరు కప్పనో దాని మధ్యలో పడేస్తాడు. తల్లీ తండ్రీ ఆకలితో కాదు, పిల్లలను కాపాడుకోవడానికి దాని మీద పడతాయి, అందుకే అంత సులువుగా చిక్కుతాయి. ఆ జంటను తీసిన పూటే పిల్లలన్నీ మిగతా చేపలకు మేత అయిపోతాయి, వచ్చే ఏడాది ఆ చెరువులో సంఘానికీ గాలానికీ కొర్రమీను ఉండదు. ఎర్ర గుంపు కనిపించిన చోట గాలం తీసేయాలి, తీయనివాడి టిక్కెట్టు అక్కడికక్కడే రద్దు.